కాగితం వెనక వైపు కూడా చూసే దుకాణం

రాబోయే రెండు మూడేళ్లలో నేను పూర్తి చేయాలనుకుంటున్న పుస్తకాలు రెండు. ఒకటి మా కుటుంబ చరిత్ర, రెండవది అందులో నుంచే పుట్టుకొచ్చిన నవల. రెండింటికీ ఆధారం మా ఇంట్లో నాలుగు తరాలుగా ఒక రేకు పెట్టెలో పడి ఉన్న కాగితాలే. వాటిని నెల్లూరులో వి.ఆర్.సి. సెంటరుకు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక చిన్న దుకాణంలో స్కాన్ చేయించి, చదవడానికి వీలుకాని వాటికి శుద్ధప్రతి కూడా రాయించుకున్నాను. మూడు విడతలుగా, దాదాపు నాలుగు నెలలు సాగిన ఆ పని ఎలా జరిగిందో, అందులో ఏది మెచ్చుకోదగ్గదో, ఏది సరిదిద్దుకోవలసిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. దుకాణం పేరు రాయవద్దని దాన్ని నడిపే పెద్దాయనే కోరారు. పని చేసేది ఆయనా, ఆయన కూతురూ ఇద్దరే కావడంతో, ఒక్కసారిగా పదిమంది పెట్టెలతో వస్తే దేనికీ న్యాయం చేయలేమన్నది ఆయన భయం. ఆ మాటను మన్నిస్తున్నాను.

ముందుగా ఒక పాత తప్పు గురించి చెప్పాలి. పదిహేనేళ్ల క్రితం మా నాయన, మంచి ఉద్దేశంతోనే, ఆ పెట్టెలో ఉన్న అన్నింటికన్నా పాత కాగితాన్ని, అంటే 1911 నాటి అన్నదమ్ముల భాగపంపకాల జాబితాను, ఒక జిరాక్సు షాపులో ఇచ్చి లామినేషన్ చేయించారు. వేడికి కాగితం నడుమ బుడగలు లేచాయి, మడత దగ్గర చిరుగు ఇంకా పెద్దదై అలాగే ప్లాస్టిక్కులో అతుక్కుపోయింది, సిరా ఏటేటా మసకబారుతూ వచ్చింది. ఇప్పుడు ఆ ప్లాస్టిక్కును ఊడదీస్తే కాగితం పొర కూడా దానితోపాటే లేచి వస్తుంది. పాత దస్తావేజులను కాపాడుకోవడమంటే లామినేషన్ చేయించడమేనని మన జిల్లాలో ఇప్పటికీ ఎంతోమంది నమ్ముతున్నారు. దయచేసి ఆ పని చేయకండి. పొడి గుడ్డలో చుట్టి, తేమ తగలని చోట, వీలైనంతవరకు మడత పెట్టకుండా ఉంచితే చాలు.

ఈ దుకాణంలో నేను మొదట గమనించింది అదే జాగ్రత్త. నేను తీసుకెళ్లిన 214 కాగితాలలో సగానికి పైగా నాలుగు మడతలు, ఎనిమిది మడతలు పడి ఉన్నాయి. మామూలు షాపులలో అయితే వాటిని చేత్తో గట్టిగా సాపు చేసి, కాగితాలను దానంతట అదే లాక్కునే మిషన్లో పెట్టేస్తారు. ఇక్కడ అలా చేయలేదు. ఒక్కొక్క కాగితాన్ని మెత్తటి కుంచెతో దులిపి, రెండు తెల్ల కాగితాల నడుమ పరిచి, పైన మందపాటి అద్దం పలక పెట్టి, ఒక రాత్రంతా అలాగే ఉంచారు. మరునాడు పై నుంచి చూసే కెమెరా కింద ఉంచి, అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో, రంగులలోనే తీశారు. నలుపు తెలుపులో తీస్తే ఫైలు చిన్నదవుతుంది కాని, సిరా రాతకూ మరకకూ తేడా తెలియదనీ, ఊదా సిరాతో వేసిన ముద్రలు నల్లటి రాతలో కలిసిపోతాయనీ ఆ అమ్మాయి ఓపికగా వివరించింది.

ఆ పెద్దాయన తండ్రి ఒకప్పుడు రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర దస్తావేజు లేఖరి. ఈయన కూడా చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని నకళ్లు రాసినవారే. అందువల్ల ఊరి భూముల లెక్కలు రాసిన కరణాల గొలుసుకట్టు రాత ఆయనకు కంటికి అలవాటైపోయింది. అక్షరాల మీద నుంచి కలం ఎత్తకుండా, మాటకూ మాటకూ నడుమ ఖాళీ వదలకుండా, పంక్తి పొడుగునా ఒకే తీగలాగా సాగే ఆ రాతను నేను ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి కూడా చదవలేకపోయాను. వీసం, పరక, కాలు, ముప్పాతిక అనే పాత భిన్నాల లెక్కలకు వాడిన గుర్తులైతే నాకు అసలు అర్థం కాలేదు. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, కాగితాన్ని ముక్కు దగ్గరకు తెచ్చుకుని, పాట అందుకున్నట్లు గడగడ చదువుతుంటే ఆ అమ్మాయి టైపు చేస్తూ పోయింది.

మొదటి రోజు నేను డబ్బు తగ్గుతుందేమోనన్న ఆశతో, కాగితాల వెనక వైపు రాత లేనివి తీయనక్కరలేదేమో అన్నాను. ఆయన చేస్తున్న పని ఆపి, "ఎనకాల తియ్యకపోతే ఎట్టా టీచరమ్మా, సగం కాగితమే గదా ఇచ్చినట్టు" అన్నారు. ఈ దుకాణం గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. అది ఎందుకో చెప్పాలంటే నా రెండు పుస్తకాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

మా ఇంట్లో చెప్పుకునే కథ ప్రకారం, మా వాళ్లు ధాత కరువులో ఉదయగిరి పక్క నుంచి దిగువకు వచ్చారు. ధాత నామ సంవత్సరం అంటే 1876. అప్పుడు మొదలై 1878 దాకా సాగిన ఆ కరువు ఈ ప్రాంతపు ఎన్నో కుటుంబాల కథలకు మొదటి పేజీ. బాస్వెల్ అనే ఆంగ్లేయ అధికారి రాసిన నెల్లూరు జిల్లా మాన్యువల్, అంటే జిల్లా వివరాల గ్రంథం, 1873లో అచ్చయింది కనుక కరువుకు ముందు ఉదయగిరి పక్క ఊళ్లు, పంటలు ఎలా ఉండేవో అందులో కొంత దొరుకుతుంది కాని, కరువు దొరకదు. మా పెట్టెలోనూ ఆ కాలపు కాగితం ఒక్కటీ లేదు. కనుక కుటుంబ చరిత్రలో మొదటి అధ్యాయాన్ని "మా ఇంట్లో ఇలా చెప్పుకుంటారు" అనే మాటతోనే మొదలుపెడతాను. అక్కడి నుంచి మా ముత్తాత తరం సైదాపురం, గూడూరు ప్రాంతపు అభ్రకం గనుల దగ్గరికి చేరింది. మా అవ్వ దానిని అభ్రకమనేది కాదు, కాకిబంగారమనేది. పెట్టెలో కాగితాల అడుగున అరచేయంత కాకిబంగారపు రేకు ఒకటి ఇప్పటికీ ఉంది. ఎండకు ఎత్తి పట్టుకుంటే గోధుమరంగు గాజులాగా వెలుగును లోపలికి రానిస్తుంది, గోరు పెడితే ఉల్లిపొరలాగా లేచి వస్తుంది.

1934లో మా ముత్తాత పేరు మీద రెండెకరాల మెట్ట కొన్న క్రయ దస్తావేజు ఒకటి ఆ పెట్టెలో ఉంది. మా కుటుంబానికి సొంత భూమి అనేది మొదట దానితోనే వచ్చింది. ముత్తాత గనిలో చేసిన కష్టంతో కొన్నాడని అందరం చెప్పుకునేవాళ్లం. దాని జిరాక్సు మా ఇంట్లో ఎన్నో ఏళ్లుగా ఉంది, నేను ఎన్నోసార్లు చదివాను. అయితే ఆ జిరాక్సు ముందు వైపుది మాత్రమే. అసలు కాగితం గుడ్డలో చుట్టి ఉండడంతో దానిని తిరగేసి చూసినవాళ్లు లేరు. ఈ దుకాణం వాళ్లు వెనక వైపు తీసిన చిత్రంలో, సబ్ రిజిస్ట్రారు రాతకూ, వేలిముద్రలకూ పైన, ఒక మూలగా, స్టాంపు వెండరు రాసిన మూడు పంక్తులు బయటపడ్డాయి. వరుస నంబరు, తేదీ, స్టాంపు విలువ, కొన్నవారి పేరు, ఊరు. స్టాంపు కాగితం అమ్మేవారు దాని మీద ఈ వివరాలు రాయడం రివాజు. ఆ కొన్నవారి పేరు మా ముత్తాతది కాదు. మా ముత్తవ్వది.

దస్తావేజు ముందు వైపు ఎక్కడా ఆమె పేరు లేదు. మా వంశవృక్షంలోనూ లేదు, అక్కడ ఆమె ఉండవలసిన చోట "భార్య" అని మాత్రమే ఉంది. పెట్టెలోని కాగితాలన్నింటిలో ఆమె పేరు అక్షరాలలో కనబడేది ఆ మూలన ఉన్న మూడు పంక్తులలోనే. ఆమె పేరు ఇక్కడ కూడా నేను రాయను. అది మొదటిసారి అచ్చయ్యేది మా కుటుంబ చరిత్రలోనే కావాలి.

ఇక్కడే నా రెండు పుస్తకాల మధ్య గట్టు నాకు స్పష్టంగా కనిపించింది. స్టాంపు ఆమె పేరున కొన్నారు అన్నది కాగితం చెబుతున్న మాట. కుటుంబ చరిత్రలో అంతే రాస్తాను. డబ్బు ఆమెదే అని కాగితం చెప్పడం లేదు. షెడ్డులో కూర్చుని అభ్రకం రేకులు విడదీసిన కూలి డబ్బు చీర కొంగున ముడి వేసుకుని దాచిందేమో, పుట్టింటివారు పెట్టిన నగ కుదువ పెట్టిందేమో, మొగుడికి ఆ రోజు పని దొరకక తానే గూడూరు దాకా నడిచి వెళ్లి స్టాంపు తెచ్చిందేమో, ఇవన్నీ నవలలోకి వెళతాయి. ఇంతవరకు నేను రెండు పుస్తకాలనూ ఒకే నోటుబుక్కులో రాసుకుంటూ వచ్చాను. అందువల్ల ఊహించింది ఏదో, ఆధారం ఉన్నది ఏదో నాకే తెలియకుండా పోతున్నది. కుటుంబ చరిత్ర పేరుతో వస్తున్న పుస్తకాలు చాలా వాటిలో ఇదే లోపం. చదివేవారు రేపు ఆ ఊహనే నిజమని పిల్లలకు చెబుతారు. ఇప్పుడు నోటుబుక్కులు వేరు చేశాను. కాగితం నంబరు వేయలేని వాక్యం ఏదైనా సరే, నవల నోటుబుక్కులోకే వెళుతుంది.

ఈ నంబర్ల విషయంలో మాత్రం దుకాణం నన్ను కొంత ఇబ్బంది పెట్టింది. మొదటి విడతలో ఇచ్చిన పెన్ డ్రైవులో ఫైళ్లకు మిషను వేసుకున్న అంకెలే ఉన్నాయి. ఏ ముందు వైపుకు ఏది వెనక వైపో సరిచూసుకోవడానికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది. రెండవ విడతకు ముందే ప్రతి కాగితం కవరు మీద పెన్సిలుతో నంబరు వేసి, ఫైలు పేరులో అదే నంబరు పెట్టి, వెనక వైపుకు "వె" చేర్చమని అడిగాను. ఆ తరువాత ఒక్క తప్పు కూడా రాలేదు. అయినా వాళ్ల దగ్గరికి వచ్చే కాగితాల స్వభావాన్ని బట్టి చూస్తే, అది అడగకముందే జరగవలసిన పని.

ఇంకా పెద్ద తప్పు ఒకటి జరిగింది. పాత కాగితం పసుపును, మరకలను తీసేసి తెల్లగా చూపించే ఏర్పాటు ఒకటి వాళ్ల సాఫ్టువేరులో ఉంది. రెండవ విడతలో అది పొరపాటున పనిచేసింది. చిత్రాలు కొత్త కాగితాలలాగా మెరిసిపోతున్నాయి కాని, అంచులలో పెన్సిలుతో రాసిన లెక్కలు, పలచబడిన ఊదా ముద్రలు వాటితోపాటే మాయమయ్యాయి. స్టాంపు వెండరు రాసిన మూడు పంక్తులు మొదటి విడతలో కాక ఈ విడతలో వచ్చి ఉంటే, ఆమె పేరు మరకతో పాటు తుడిచిపెట్టుకుపోయి, నాకు ఎప్పటికీ కనబడేది కాదు. ఆ ఊహకే గుండె ఆగినంత పని అయింది. అసలు కాగితాలు నా దగ్గరే ఉన్నాయి కనుక తీసుకెళ్లి చూపించాను. ఆ అమ్మాయి వాదించలేదు, వంక చెప్పలేదు. 38 కాగితాలను మళ్లీ మొదటి నుంచి, డబ్బు తీసుకోకుండా తీసి ఇచ్చింది. ఇక మీదట శుభ్రం చేసిన ప్రతి కావాలన్నవారికి కూడా, శుభ్రం చేయని ప్రతిని తప్పకుండా పక్కన పెట్టి ఇస్తామని చెప్పింది. మీరు ఇచ్చేటప్పుడు కూడా ఆ మాట ముందే అడిగి పెట్టుకోవడం మంచిది.

శుద్ధప్రతుల విషయానికి వస్తే, పెద్దాయన చదువును నేను తొంభై పాళ్లు నమ్ముతాను. మిగిలిన పది పాళ్లు తేదీల దగ్గర. మా ముత్తాతకు ఉదయగిరి పక్క బంధువు రాసిన పోస్టుకార్డు ఒకటి ఉంది. దాని మీద రక్తాక్షి నామ సంవత్సరం, కార్తీకమాసం అని తప్ప అంకెలలో ఏ సంవత్సరమూ లేదు. శుద్ధప్రతిలో దాని పక్కన 1864 అని వేశారు. అరవై ఏళ్లకు ఒకసారి తిరిగి వచ్చే పేర్లతో వచ్చే చిక్కు ఇదే. రక్తాక్షి 1864లోనూ వచ్చింది, 1924లోనూ వచ్చింది, 1984లోనూ వచ్చింది. అయితే మన దేశంలో పోస్టుకార్డు మొదలైందే 1879లో. పైగా ఆ కార్డు మీద ఉన్నది అయిదవ జార్జి బొమ్మ, ఆయన రాజ్యం చేసింది 1910 నుంచి 1936 దాకా. కనుక అది 1924 తప్ప మరొకటి కావడానికి వీలులేదు. పేరు చదవడం వేరు, కాలం కట్టడం వేరు. చదివి ఇచ్చేవరకే వారి బాధ్యత అనుకుని, సంవత్సరం మనమే చూసుకోవాలి. భూమి శిస్తుకు వాడిన ఫసలీ సంవత్సరాల లెక్కలు మాత్రం ఆయన తడుముకోకుండా చెప్పారు. శిస్తు రసీదు మీద ఫసలీ 1343 అని ఉంటే, దానికి 590 కలిపి, 1933 జూలై నుంచి 1934 జూన్ దాకా అని వెంటనే చెప్పి పక్కన రాయించారు. మేము భూమి కొన్న ఏడాదే మొదటి శిస్తు కట్టామని ఆ రసీదు వల్లే తెలిసింది.

రెండు తాటాకు కట్టలు కూడా తీసుకెళ్లాను కాని, వాటిని వాళ్లు ముట్టుకోలేదు. గంటంతో గీసిన రాత కనబడాలంటే మసి పూయాలి, అది తెలిసినవాళ్లు చేయవలసిన పని, మా చేతుల్లో పగిలితే మేము ఏమి చెప్పగలం అన్నారు. చేతకాని పనిని చేతకాదని చెప్పడం కూడా ఒక సేవే.

ఖర్చు గురించి. ఒక్కొక్క వైపుకు స్కాను పన్నెండు రూపాయలు, శుద్ధప్రతికి పేజీకి తొంభై. జిరాక్సు షాపు ధరతో పోలిస్తే ఎక్కువే. అయితే 214 కాగితాలలో శుద్ధప్రతి అవసరమైనవి అరవై లోపే. మిగిలిన వాటిని నేనే చదువుకోగలిగాను. ముందుగా కాగితాలన్నింటినీ ఇంట్లో వేరు చేసుకుని, నిజంగా చదవలేని వాటికే శుద్ధప్రతి చెప్పుకుంటే ఖర్చు సగానికి తగ్గుతుంది. ఆలస్యం మాత్రం తప్పదు. వారం అన్నది మూడు వారాలైంది, మూడవ విడతకు నెలన్నర పట్టింది. పెళ్లి శుభలేఖల కాలంలో వాళ్లకు డి.టి.పి. పని మీద పడుతుంది కనుక, మాఘం, వైశాఖం తప్పించి వెళ్లడం మేలు.

నాకు ఇంకా ఒక పెద్ద పని మిగిలి ఉంది. మా అమ్మ పుట్టిల్లు ఒంగోలు పక్కన. ఆ ఊరు కదలలేదు కాని, దాని జిల్లా కదులుతూనే వచ్చింది. 1904 దాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉంది, గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లింది, 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. ఒకే ఇంటి మూడు తరాల కాగితాల మీద మూడు జిల్లాల పేర్లు ఉంటాయి. ఇది తెలియక, మేనమామలు నెల్లూరు పేరు ఉన్న కాగితాలను మనవి కావనుకుని వేరే కట్టలో పడేశారు. ఒంగోలు పక్క పాత కాగితాలు వెతికేవారు ఈ ఒక్క సంగతిని గుర్తు పెట్టుకుంటే ఎంతో తిరుగుడు తప్పుతుంది. ఈస్టిండియా కంపెనీ కాలపు పాత దస్త్రాల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో కూడా వెతకాలి. అది నా వేసవి ప్రయాణాలలో ఉంది.

అమ్మ వైపు కాగితాలు తక్కువ. భూమి ఉన్నవాళ్లకే పొలాల, పంటల లెక్కలు చూపే అడంగలు, దస్తావేజులు, శిస్తు రసీదులు ఉంటాయి. లేనివాళ్ల పేర్లు కరణం దస్త్రంలోకి వచ్చేవి కావు. ఒంగోలు ప్రాంతంలో ఎంతోమందికి ఆ కొరతను తీర్చేవి బాప్టిస్టు సంఘాల పాత రిజిస్టర్లు. 1878 జూలైలో, అదే కరువు చివర, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అలాంటి రిజిస్టర్లో ఒక పేరు, పక్కన ఒక ఊరు కనబడితే చాలు, ఒక కుటుంబానికి తమ చరిత్ర మొదటి వాక్యం దొరికినట్లే. మా అమ్మమ్మ అమ్మ పేరు కోసం నేను వెతకబోయేది ఆ రిజిస్టర్లలోనే. ఆ పుటలను చిత్రాలు తీయడానికి సంఘం వారు ఒప్పుకుంటే, ఇదే తండ్రీ కూతుళ్లను ఒంగోలు దాకా రమ్మని అడుగుతాను. కెమెరా, అద్దం పలక రెండూ బస్సులో పట్టుకుని వస్తామని ఆ అమ్మాయి ఇప్పటికే మాట ఇచ్చింది.

కుటుంబ చరిత్రను వచ్చే సంక్రాంతికి రెండు వందల ప్రతులు అచ్చు వేయించి బంధువులకు పంచాలని ఉంది. నవలకు ఇంకా రెండేళ్లు పట్టవచ్చు, దానిలో నేను రాసి పెట్టుకున్నది మొదటి దృశ్యం ఒక్కటే. చరిత్ర పుస్తకం అట్ట మీద ఏమి వేయాలో కూడా తేలిపోయింది. ముందు అట్ట మీద బొమ్మ ఉండదు, పేరు మాత్రమే ఉంటుంది. 1934 దస్తావేజు వెనక వైపు ఆ మూలన ఉన్న మూడు పంక్తులను, మరకలతో సహా, రంగులలో, వెనక అట్ట నిండా వేయిస్తాను. దానికి కావలసినంత పెద్ద చిత్రాన్ని పెద్దాయన మొన్న మళ్లీ తీసి ఇచ్చారు. డబ్బు ఎంతని అడిగితే, పుస్తకం వచ్చాక ఒక ప్రతి ఇమ్మన్నారు.